బోరు నీళ్ళు తాగిన వీనస్ ఫ్లైట్రాప్: పదకొండు నెలల కేసు

పోయిన ఏడాది ఆగస్టు మొదటి ఆదివారం పొద్దున్నే మా చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, పాప పురుగులు తినే మొక్క నల్లబడిపోతోంది, రాత్రి దాని ముందు కూర్చుని ఒకటే ఏడుపు, ఒకసారి వచ్చి చూసి పోవా" అంది. పాప అంటే దాని కూతురు, ఏడో తరగతి. కీటకాహార మొక్కల గురించి సైన్సు పుస్తకంలో చదివి, రెండు నెలలు వాళ్ళ నాన్న వెంటపడి, జూన్ ఆఖర్లో పుట్టినరోజుకి ఆన్‌లైన్లో వీనస్ ఫ్లైట్రాప్ తెప్పించుకుంది, ఆకు కొసన నోరులా మూసుకునే ట్రాప్‌తో పురుగుల్ని పట్టే మొక్క. ఐదు వారాలకే పరిస్థితి ఇలా అయింది.

నేను కూకట్‌పల్లిలో మా డాబా మీద ఎనిమిదేళ్ళుగా ఈ మొక్కలు పెంచుతున్నాను. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఫొటోలు పంపి అడిగితే తెలిసింది చెబుతుంటాను. ఈ కేసును కొలతలతో సహా పూర్తిగా రాయాలనుకోవడానికి కారణం ఉంది. కొత్తవాళ్ళు విడివిడిగా చేసే తప్పులన్నీ ఈ ఒక్క మొక్క మీదే జరిగాయి, మధ్యలో నేనూ ఒక తప్పు చేశాను, అయినా అది బతికింది. మీ మొక్క ఇలాగే నల్లబడుతుంటే ముందు దేన్ని పట్టుకోవాలో ఇందులో దొరుకుతుంది.

చూసినప్పుడు ఎలా ఉంది

చెల్లి వాళ్ళ అపార్ట్‌మెంట్ నిజాంపేటలో, మూడో అంతస్తు. మొక్క హాల్లో టీవీ పక్కన షోకేసులో ఉంది. చిన్న మట్టి కుండీ, అందులో ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్ కలిపిన మిశ్రమం. మట్టి పైన, కుండీ అంచు చుట్టూ తెల్లటి పొర కట్టి ఉంది, గోటితో గీకితే పొడిలా రాలింది. మొత్తం ఏడు ఆకుల్లో నాలుగు పూర్తిగా నలుపు, ఒకటి సగం నలుపు. మిగతా రెండూ పచ్చగానే ఉన్నాయి గానీ, చీపురు పుల్లతో లోపలి వెంట్రుకను రెండుసార్లు కదిపితే ఒకటి బద్ధకంగా సగం మూసుకుంది, రెండోది కదల్లేదు. నల్లబడిన ఒక ట్రాప్‌లో బూడిద రంగులో మెత్తగా ఏదో ఉంది, వాసన వస్తోంది.

"ఇదేంటమ్మా" అని అడిగాను.

"చికెన్, పెద్దమ్మా. అమ్మ ఉప్పూ కారం వెయ్యకముందే తీసి పెట్టాను" అంది, గొంతు వణుకుతూ.

దాన్ని కూర్చోబెట్టి ఒకటి చెప్పాను. డార్విన్ కూడా డ్రాసిరా అనే జిగురు ఆకుల కీటకాహార మొక్క మీద మాంసం ముక్కలు పెట్టి చూశాడు, పాలు, గుడ్డు తెల్లసొన కూడా పెట్టాడు, ఏది పెడితే ఏమవుతుందో ఏళ్ళ తరబడి రాసుకుని 1875లో అచ్చు వేయించాడు. నువ్వూ పెట్టి చూశావు, ఇక రాసుకోవడం మొదలుపెట్టు అన్నాను. ఆ రోజు నుంచి అది ఒక నోట్‌బుక్ పెట్టింది. ఈ కేసులోని తేదీలు, లెక్కలు చాలావరకు ఆ నోట్‌బుక్కువే.

తర్వాత ఒక్కొక్కటే అడిగాను. ఎండ? "వద్దన్నాం, పాపం చిన్న మొక్క కదా మాడిపోతుందని" అని చెల్లి. తిండి? చికెన్ రెండుసార్లు, ఉడికించిన గుడ్డు ఒకసారి. ముట్టుకోవడం? స్కూల్ ఫ్రెండ్స్ వచ్చిన రోజు ఒక్కొక్కరూ ఒక్కో నోరు మూయించి చూశారు. నీళ్ళు? మొదటి రెండు వారాలు కుళాయి నీళ్ళు, అంటే బోరు. తర్వాత ఎవరో చెబితే తాగే నీళ్ళు, ఇంట్లో ఫిల్టర్‌లోవి. మట్టి ఎక్కడిది? అమ్మినవాళ్ళు మొక్కను తడి నాచులో చుట్టి పంపారు, వెంట పంపిన కాగితంలో మంచి ఎరువు కలిపిన మట్టిలో నాటమని ఉంది. నాచు తీసి పారేసి, ఆ కాగితంలో ఉన్నట్టే చేశారు. వీళ్ళ తప్పేమీ లేదు, చెప్పినవాళ్ళ మాట విన్నారు.

బ్యాగులోంచి టీడీఎస్ మీటర్ తీశాను, నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపించేది. థర్మామీటరంత ఉంటుంది, ఆన్‌లైన్లో రెండు మూడు వందలకు దొరుకుతుంది, ఈ మొక్కలు పెంచాలనుకునేవాళ్ళు మొక్క కంటే ముందు కొనాల్సింది ఇదే. బోరు నీళ్ళు 840 పీపీఎం, అంటే లీటరుకు సుమారు 840 మిల్లీగ్రాముల లవణాలు. ఫిల్టర్ నీళ్ళు 130. చెల్లి ఆశ్చర్యపోయింది, "అది ఆర్‌వో కదక్కా?" అని. ఆర్‌వోనే, కానీ మన ఇళ్ళలో ఉండే చాలా ఫిల్టర్లలో నీళ్ళను శుభ్రం చేశాక రుచికీ ఆరోగ్యానికీ అని కొంత ఖనిజాలు మళ్ళీ కలిపే ఏర్పాటు ఉంటుంది. మనుషులకు మంచిదే, ఈ మొక్కకు కాదు. బాల్కనీలో ముందు రోజు వాన పడి నిండిన ప్లాస్టిక్ మగ్గు ఒకటి ఉంటే అందులోనూ ముంచాను. 11.

ఆ మూడు అంకెల్లోనే మొత్తం జబ్బు ఉంది.

నీళ్ళలో ఏముంటే ఏమవుతుంది

వీనస్ ఫ్లైట్రాప్ ప్రపంచం మొత్తంలో సొంతంగా పుట్టి పెరిగే చోటు ఒక్కటే. అమెరికాలో నార్త్ కరోలినా, సౌత్ కరోలినా తీరం వెంబడి, విల్మింగ్టన్ ఊరి చుట్టుపక్కల సుమారు వంద మైళ్ళ పరిధి. మా అన్నయ్య వాళ్ళు అదే నార్త్ కరోలినాలో, రాలీ పక్కన కేరీలో ఉంటారు, మన తెలుగువాళ్ళు చాలామంది ఉండే ఊరే. అక్కడికి వెళ్ళినప్పుడు రెండు గంటలు కారులో పోయి కరోలినా బీచ్ స్టేట్ పార్కులో ఫ్లైట్రాప్ ట్రెయిల్ అనే చిన్న కాలిబాట నడిచాను. గంటసేపు నడిచినా మొదట ఒక్కటి కూడా కనిపించలేదు, అంత చిన్నవి. గడ్డి మధ్యలో, పొడవాటి సూదుల్లాంటి ఆకులున్న పైన్ చెట్ల కింద, నేలకు అంటుకుని ఉన్నాయి. కూర్చుని మట్టి పట్టుకుని చూశాను. తెల్లటి ఇసుక, అందులో కుళ్ళిన నాచు నల్లగా కలిసి, పిండితే నీళ్ళు వచ్చేంత తడి. వాన నీళ్ళు తప్ప ఇంకేమీ తగలని నేల, పోషకాలు ఎప్పుడో కడుక్కుపోయిన నేల. అప్పుడప్పుడూ మంటలు వచ్చి పొదలు కాలిపోవడం వల్ల ఎండ నేరుగా కింద దాకా పడుతుంది. అక్కడ నిలబడ్డాకే నాకు ఈ మొక్క అర్థమైంది, అంతకుముందు నాలుగేళ్ళు చదివినదంతా ఒక ఎత్తు, ఆ పిడికెడు మట్టి ఒక ఎత్తు. అన్నట్టు, అక్కడి అడవి నుంచి ఈ మొక్కను పీకితే నార్త్ కరోలినాలో 2014 డిసెంబరు నుంచి అది జైలుశిక్ష పడే నేరం. మీరు కొనేటప్పుడు టిష్యూ కల్చర్ మొక్కేనా, అంటే ల్యాబ్‌లో పెంచిందేనా అని అడిగి కొనండి.

అలాంటి నేలలో వేర్లు తిండి కోసం పెద్దగా పనిచెయ్యవు, నత్రజని, భాస్వరం ఆకులు పురుగుల నుంచి తీసుకుంటాయి. వేర్లకు ఉప్పును తట్టుకునే అలవాటే లేదు. మనం బోరు నీళ్ళు పోస్తే ఆ రోజే ఏమీ కాదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. నీళ్ళు ఆవిరవుతాయి, అందులోని లవణాలు మట్టిలోనే ఉండిపోతాయి. పాపతో లెక్క వేయించాను. రోజుకు 100 మిల్లీలీటర్లు పోస్తే, 840 పీపీఎం నీళ్ళతో రోజుకు 84 మిల్లీగ్రాముల లవణం, నెలకు రెండున్నర గ్రాములు, అదీ గుప్పెడు మట్టిలో. 130 ఉన్న ఫిల్టర్ నీళ్ళతో కూడా నెలకు దాదాపు 400 మిల్లీగ్రాములు. కుండీ అంచున తెల్లగా పేరుకున్నది అదే. దానికి తోడు వర్మీకంపోస్ట్. నా అనుభవంలో 50 లోపు ఉంటే నిశ్చింతగా పోయొచ్చు, 50 నుంచి 100 మధ్య ఉంటే వానాకాలంలో వాన నీళ్ళతో మట్టిని బాగా కడిగేస్తూ నెట్టుకురావచ్చు, 100 దాటితే వద్దు.

ఎండ లేకపోవడం, చికెన్, పిల్లల వేళ్ళు, ఇవన్నీ మొక్కను నీరసపెట్టాయి. కానీ ఎండలోనే పెట్టి, ఏమీ తినిపించకుండా, ఎవరూ ముట్టుకోకుండా ఉంచినా ఆ నీళ్ళతో ఆ మట్టిలో అది మూడు నాలుగు నెలల్లో పోయేదే. ఫొటోలు పంపేవాళ్ళలో ఎక్కువమంది "దీనికి తిండి సరిపోవట్లేదా" అని అడుగుతారు. తిండి లేక చచ్చిన ఫ్లైట్రాప్‌ను నేను ఇంతవరకు చూడలేదు.

ఏం చేశాను

ఆ రోజే మొక్కను మా ఇంటికి తెచ్చాను, పాప కూడా వెంట వచ్చింది. వాన నీళ్ళ బకెట్లో కుండీని అలాగే ముంచి, మట్టి దానంతట అదే విడిపోయేదాకా ఆగాం. లాగితే వేర్లు తెగుతాయి. మట్టి పోయాక వేర్లు బయటపడ్డాయి, అన్నీ నల్లగా. పాప మొహం వాడిపోయింది. ఇక్కడే చాలామంది మొక్క చచ్చిందనుకుని పారేస్తారు. ఫ్లైట్రాప్ వేర్లు సహజంగానే నల్లగా ఉంటాయి, చూడాల్సింది కొసలు. పాపకు భూతద్దం ఇచ్చాను. ఐదు వేర్లలో రెండింటి కొస తెల్లగా, సూది మొనంత ఉంది. ఆ తర్వాత దుంప. ఆకుల మొదళ్ళన్నీ కలిసేచోట చిన్న ఉల్లికాడ దుంపలా తెల్లగా ఉంటుంది, దాన్ని వేళ్ళతో మెల్లగా నొక్కి చూడాలి. మెత్తగా గోధుమ రంగులో ఉండి కుళ్ళు వాసన వస్తే కష్టం. మనది గట్టిగానే ఉంది, ఒక పక్క మాత్రం చిన్న మచ్చ. బ్లేడును స్పిరిట్‌తో తుడిచి ఆ మచ్చ వరకు గీరేశాను, నల్లబడిన ఆకులన్నీ మొదలు దాకా కత్తిరించేశాను. చివరికి చేతిలో మిగిలింది రెండాకులు, గోలీ అంత దుంప.

కొత్త మట్టి సగం పీట్ మాస్ (కుళ్ళిన నాచు), సగం పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు). పీట్ మాస్ కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవాలి, మొక్కల మిశ్రమాలని అమ్మే చాలా వాటిలో ఎరువు ముందే కలిపి ఉంటుంది, అది వద్దు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) చౌక కదా అని అడుగుతారు. నేను ఒకసారి ఇటుకలా వచ్చే కోకోపీట్‌ను వాన నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు కొలిస్తే వెయ్యి పైన చూపించింది, ఎనిమిదిసార్లు కడిగాక గానీ 60కి రాలేదు. అంత ఓపిక ఉంటే వాడొచ్చు, కొత్తవాళ్ళకు నేను చెప్పను. ఏ మట్టి వాడినా నానబెట్టి, పిండిన నీళ్ళను మీటర్‌తో చూసుకోండి, ఆ ఒక్క పని చేస్తే అమ్మేవాళ్ళు ఏం చెప్పారన్న టెన్షన్ ఉండదు. కుండీ ప్లాస్టిక్‌ది, ఐదంగుళాల లోతు, ఎందుకంటే వేర్లు పైకి కనిపించే మొక్క కంటే పొడుగ్గా దిగుతాయి. మట్టి కుండీ గోడల్లోంచి లవణాలు ఊరతాయి, దాన్ని పక్కన పెట్టేశాం.

కుండీని పళ్ళెంలో పెట్టి అందులో రెండు సెంటీమీటర్ల వాన నీళ్ళు ఉండేలా చూడటం, అంతే నీళ్ళ పని. పై నుంచి రోజూ చెంచాతో పొయ్యక్కర్లేదు. వాన మొదలైన మొదటి పది నిమిషాల నీళ్ళు డాబా దుమ్ముతో వస్తాయి కాబట్టి వదిలేసి, తర్వాత వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులు పెడతాను. ఆగస్టు, సెప్టెంబరుల్లో పట్టి మూతబెట్టిన డ్రమ్ము నాకు సంక్రాంతి దాకా వస్తుంది.

ఎండకు ఒక్కసారిగా పెట్టలేదు. షోకేసులో ఐదు వారాలున్న ఆకు డాబా ఎండను తట్టుకోలేదు. పది రోజులు గ్రీన్ నెట్ కింద, ఆ తర్వాత పొద్దున ఏడు నుంచి పదకొండు వరకు నేరుగా ఎండ.

ఆ తర్వాత మూడు వారాలు ఏమీ జరగలేదు. జరగకపోగా, మిగిలిన రెండు ఆకులు కూడా ఒకదాని వెనక ఒకటి నల్లబడ్డాయి. పాప ప్రతి ఆదివారం వచ్చి చూసేది, నోట్‌బుక్కులో "మార్పు లేదు" అని రాసేది, మూడో ఆదివారం రాయకుండానే వెళ్ళిపోయింది. ఈ మూడు వారాలే కొత్తవాళ్ళకు అసలు పరీక్ష. ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది, కొంచెం ఎరువు వేద్దామనీ, కుండీ మార్చి చూద్దామనీ, దుంప ఎలా ఉందో తవ్వి చూద్దామనీ. ఏమీ చెయ్యకండి. పాత ఆకులు పోవడం ఖాయం, అవి దెబ్బతిన్నవి, వాటిని చూసి మొక్క సంగతి తేల్చకూడదు. 23వ రోజు పొద్దున మట్టి మధ్యలో బియ్యపు గింజ మొనంత పచ్చటి ముక్కు కనిపించింది. ఫోన్లో ఫొటో తీసి పంపితే పాప స్కూలుకి ఆలస్యమైనా పరవాలేదని వాళ్ళ నాన్నతో వచ్చి చూసి వెళ్ళింది.

సెప్టెంబరు ఆఖరికి నాలుగు ఆకులు, నాలుగింటికీ పనిచేసే ట్రాపులు.

నేను చేసిన తప్పు

అక్టోబరులో వానలు ఆగాక డ్రమ్ము నీళ్ళను దాచుకుందామని ఏసీ నీళ్ళు వాడాను. ఏసీ నుంచి కారే నీళ్ళు గాలిలోని తేమే కాబట్టి టీడీఎస్ తక్కువ ఉంటుంది, నేను చాలాసార్లు వాడాను, బాగానే ఉండేది. ఈసారి కూడా కొలిస్తే 24 చూపించింది. వారం తిరిగేసరికి లేత ఆకుల కొసలు మాడినట్టు గోధుమ రంగుకు తిరిగాయి, కొత్తగా వస్తున్న ట్రాప్ ముడుచుకుపోయింది. పాత బకెట్ తీసి చెయ్యి పెట్టి కలిపితే నురుగు వచ్చింది. అంతకు నాలుగు రోజుల ముందే ఏసీ సర్వీసింగ్ జరిగింది, లోపల క్లీనింగ్ మందు కొట్టారు. అది నాకు గుర్తుండాల్సింది. మీటర్ నీళ్ళలో కరిగిన లవణాలను మాత్రమే పట్టుకుంటుంది, సబ్బునూ మందునూ పట్టుకోలేదు. నేను అంకె చూసి నమ్మేశాను.

పళ్ళెం పారబోసి, మూడు రోజులు వరసగా కుండీ పై నుంచి లీటరు చొప్పున వాన నీళ్ళు పోసి కింద నుంచి కార్చేశాను. రెండు ఆకులు పోయాయి, దుంప దాకా వెళ్ళలేదు. ఇప్పుడు ఏసీ నీళ్ళు వాడితే సర్వీసింగ్ తర్వాత రెండు వారాల నీళ్ళు పట్టను, ప్రతిసారీ సీసాలో పోసి ఊపి నురుగు చూస్తాను. వాన నీళ్ళు అయిపోయినవాళ్ళకు ఇంకో దారి డిస్టిల్డ్ వాటర్, కానీ ఇన్వర్టర్ బ్యాటరీల కోసం అమ్మేవాటిలో అన్నీ ఒకేలా ఉండవు, అదీ కొలిచే వాడాలి.

ఫ్రిజ్‌లో పదకొండు వారాలు

ఈ మొక్కకు చలికాలం నిద్ర కావాలి. కరోలినా తీరంలో మూడు నాలుగు నెలలు చలిలో పెరుగుదల ఆపేసి, దుంపతో ఉండి, వసంతంలో మళ్ళీ లేస్తుంది. హైదరాబాదులో డిసెంబరు, జనవరి రాత్రులు చల్లబడతాయి గానీ పగలు మళ్ళీ 28 డిగ్రీల దాకా పోతుంది, మొక్కకు నిద్ర పట్టీ పట్టనట్టు ఉంటుంది. నిద్ర లేకపోయినా ఏం కాదు, మాది బాగానే ఉందని చెప్పేవాళ్ళున్నారు, మొదటి ఏడాది బాగానే ఉంటుంది. నా మొట్టమొదటి ఫ్లైట్రాప్‌ను నేనూ అలాగే రెండు చలికాలాలు డాబా మీదే ఉంచాను. మూడో ఏడాది ఆకులు సగం సైజులో వచ్చాయి, ఆ వానాకాలంలోనే పోయింది. అప్పటి నుంచి ఫ్రిజ్ పద్ధతే.

నవంబరు ఆఖరి వారంలో మొక్కను మట్టిలోంచి తీసి, కడిగి, ఎండిన ఆకులు కత్తిరించి, వాన నీళ్ళలో తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచులో చుట్టి, జిప్ కవర్లో పెట్టి, ఫ్రిజ్ కింది కూరగాయల అరలో ఉంచాం. నాచు తడిగా ఉండాలి, నీళ్ళు కారకూడదు. ఫ్రీజర్ దగ్గర వద్దు. చెల్లి "మొక్కను ఫ్రిజ్‌లో పెట్టడం ఏంటక్కా, చచ్చిపోదూ" అని భయపడింది. వెల్లుల్లిని నాటే ముందు చల్లటి చోట ఉంచితే బాగా మొలుస్తుందని మా నాన్న చెప్పేవాడు, అది గుర్తు చేశాను. ఈ పదకొండు వారాలూ కవర్ చెల్లి వాళ్ళింట్లోనే ఉంది, మొక్క పాపది కాబట్టి. కవర్ మీద పాప పెద్ద అక్షరాలతో "ఇది కొత్తిమీర కాదు, పారేయొద్దు" అని రాసి అంటించింది, పనమ్మాయికి విడిగా చూపించింది కూడా.

రెండు వారాలకోసారి తీసి చూడాలి. నాలుగో వారంలో ఒక ఆకు మొదట్లో బూడిద రంగు బూజు పట్టింది. ఆ ఆకు తీసేసి, దుంప కడిగి, కొత్త నాచు చుట్టాం. కత్తిరించకుండా వదిలేసిన చచ్చిన ఆకు ముక్క నుంచే అది మొదలైంది. మళ్ళీ రాలేదు.

ఫిబ్రవరి రెండో వారంలో తీసి నాటాం, నీడలో వారం, తర్వాత ఎండ. పన్నెండో రోజుకు మొదటి ఆకు. ఆ ఆకులు చూస్తే తేడా కంటికి కనిపించింది, కాడలు గట్టిగా, ట్రాప్ లోపల ఎరుపు తిరిగి.

పువ్వు, లెక్క, ఎండాకాలం

మార్చిలో మధ్య నుంచి మొద్దుగా, గుండ్రటి కొసతో ఒక కాడ లేచింది. ఆకు కాదు, పూకాడ. రెండంగుళాలు పెరగగానే కత్తిరించమన్నాను. పాప ఒప్పుకోలేదు, పువ్వు చూడాలంది. ఫ్లైట్రాప్ పూకాడ ట్రాపులకు చాలా ఎత్తున పూస్తుంది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు అడవిలో చూసి 2018లో ప్రచురించారు, పువ్వుల మీద వాలే చిన్న తేనెటీగలు, పెంకు పురుగులు ట్రాపుల్లో దాదాపు దొరకనే దొరకవట, తనకు పనికొచ్చేవాటిని మొక్క తినదన్నమాట. అది చెబితే పాపకు ఇంకా ఆశ పెరిగింది. కానీ పోయిన ఏడాది గోలీ అంత మిగిలిన దుంపకు పువ్వు పెట్టడం అంటే కాన్పు నుంచి లేవకుండానే పొలం పనికి పోవడం లాంటిది, అంత బలం దానికి లేదు. చివరికి ఒప్పందం ఏమిటంటే, కత్తిరించిన కాడను పారేయకుండా తడి పీట్‌లో నాటుదాం, అది పిల్ల మొక్కను ఇవ్వొచ్చు. నాటాం. రెండు నెలలకు దాని అడుగున ఆవగింజంత ఆకు వచ్చింది. పువ్వు వచ్చే ఏడాది చూద్దాం అనుకున్నాం.

ట్రాప్ లెక్కపెడుతుందని పాపకు చూపించింది కూడా ఈ నెలలోనే. ఒక్కో రెక్క లోపల మామూలుగా మూడు సన్న వెంట్రుకలుంటాయి. చీపురు పుల్ల కొసతో ఒకదాన్ని ఒకసారి తాకింది, ఏమీ కాలేదు. ఒక నిమిషం ఆగి మళ్ళీ ఒకసారి, ఏమీ కాలేదు. తర్వాత వెంటవెంటనే రెండుసార్లు, టక్కున మూసుకుంది. సుమారు 20 సెకన్లలోపు రెండో తాకిడి తగిలితేనే అది లెక్కలోకి వస్తుంది, వాన చినుకుకో ఎగిరొచ్చిన చెత్తకో శక్తి వృథా చేసుకోకుండా. మూసుకున్నాక కథ అయిపోలేదు. లోపల పురుగు గిలగిలా కొట్టుకుంటూ ఇంకా తాకుతూ ఉండాలి. జర్మనీలో వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రైనర్ హెడ్రిచ్ బృందం 2016లో చూపించింది, తాకిడులు ఐదు దాటాకే జీర్ణరసాల తయారీ ఊపందుకుంటుందని. చికెన్ ముక్క కొట్టుకోదు కదా. అందుకే ట్రాప్ అరిగించుకోలేక, ముక్క కుళ్ళి, దాంతో పాటు ఆకూ పోయింది. ఇది విని పాప చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి చచ్చిన ఈగ పెట్టినా అంతేనా" అని అడిగింది. పెట్టొచ్చు, కానీ ట్రాప్ మూసుకున్నాక దాన్ని బయట నుంచి వేళ్ళతో మెల్లగా నిమిషం పాటు నొక్కుతూ వదులుతూ ఉండాలి, లోపల కదులుతున్నట్టు అనిపించేలా. పురుగు ట్రాప్‌లో మూడోవంతు మించి ఉండకూడదు, కాళ్ళు బయటికి వస్తే అంచు సరిగ్గా మూసుకోక బూజు పడుతుంది. నెలకు ఒకటి రెండు చాలు. డాబా మీద బయటుంటే అసలు మనం పెట్టే పనే లేదు, చీమలూ చిన్న ఈగలూ దానికి చాలు. ఊరికే మూయించి ఆడుకోవడం మాత్రం ఆపెయ్యాలి, ఒక్కో ట్రాప్ కొన్నిసార్లే మూసుకుని తెరుచుకుని తర్వాత నల్లబడుతుంది.

మేలో 42 డిగ్రీలు. గాలి వేడి కంటే వేర్ల వేడితోనే ప్రమాదం, నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండలో చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. తెల్ల కుండీకి మార్చి, దాన్ని పెద్ద మట్టి తొట్టిలో ఖాళీ ఉండేలా దించి, మధ్యలో తడి గోనెసంచి చుట్టాను. మట్టి తొట్టి ఇలా బయటి తొడుగుగా అయితే పనికొస్తుంది, గోనెసంచి నీళ్ళు మొక్కకు తగలనంత వరకు. పదిన్నర తర్వాత గ్రీన్ నెట్. పళ్ళెంలో నీళ్ళు ఆ నెలంతా మూడు సెంటీమీటర్లు. పొదుపుగా వాడినా వాన నీళ్ళు మార్చిలో అయిపోయాయి, ఊపి చూసిన ఏసీ నీళ్ళతో గడిపాం. ఒక్క ఆకు కొస మాడింది.

కొత్తవాళ్ళు దీనితో మొదలుపెట్టాలా

నన్నడిగితే వద్దు. మొదటి మొక్కగా డ్రాసిరా బర్మాని పెంచండి. ఇది మన మొక్క, ఆంధ్ర, తెలంగాణల్లో తడి ఇసుక నేలల్లో సహజంగా పెరుగుతుంది, డ్రాసిరా ఇండికా కూడా అంతే. బర్మాని రూపాయి బిళ్ళంత గుండ్రంగా నేలకు పరుచుకుని, ఎర్రటి వెంట్రుకల చివర జిగురు బొట్లు మెరుస్తూ ఉంటుంది, చిన్న దోమ వాలితే అంచు వెంట్రుకలు కొన్ని సెకన్లలోనే లోపలికి వంగుతాయి. మన వేడికి అలవాటు పడ్డది, ఫ్రిజ్ అక్కర్లేదు. ఒక్క సీజనే బతుకుతుంది గానీ తనంతట తనే బోలెడు గింజలు రాలుస్తుంది, తడి పీట్ మీద చల్లి, పైన మట్టి కప్పకుండా వదిలేస్తే మళ్ళీ మొలుస్తుంది. నీళ్ళూ మట్టీ మాత్రం ఫ్లైట్రాప్‌కు చెప్పినవే. పెంచేవాళ్ళ దగ్గర గింజలు అడిగి తీసుకోండి, చెరువు గట్టున కనిపించిందని పీక్కురావద్దు, అలా తెచ్చిన మొక్క బతకదు, అక్కడా లేకుండా పోతుంది.

నెపంథిస్ కుండ మొక్కలు నర్సరీల్లో బాగానే దొరుకుతున్నాయి, వాటికి పళ్ళెంలో నీళ్ళు నిలవకూడదు, గరుకు మిశ్రమం, గాలిలో తేమ కావాలి. మన ఎండాకాలం పొడి గాలికి కొత్త కుండలు రావడం ఆగిపోతుంది, వానలు పడగానే మళ్ళీ వస్తాయి, కంగారుపడొద్దు. కొనేది హైబ్రిడ్ అయితే మంచిది. మేఘాలయ కొండల్లో ఉండే నెపంథిస్ ఖాసియానా అంతరించే ప్రమాదంలో ఉంది, దానికి చట్టం రక్షణ కూడా ఉంది, అడవి మొక్కని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. సారసీనియా అనే అమెరికా కుండ మొక్కకు ఫ్లైట్రాప్ లాగే చలి నిద్ర కావాలి, అది రెండో ఏడాదికి ఉంచుకోండి.

మా పాప మొక్క ఇప్పుడు, ఈ జూన్ ఆఖరికి, పదమూడు ట్రాపులతో ఉంది, పెద్దది ఒక అంగుళం. దుంప పక్కన రెండో కొమ్మ వేసింది, ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు విడదీస్తాం. పోయిన వారం దాన్ని వాళ్ళ బాల్కనీకి పంపించేశాను, తూర్పు ఎండ వచ్చే చోటు, పక్కన మూతబెట్టిన బకెట్లో వాన నీళ్ళు, మూత మీద దారంతో కట్టిన మీటర్. నిన్న నోట్‌బుక్కు ఫొటో పంపింది. "జూన్ 14: పెద్ద నోరు ఎర్ర చీమను పట్టింది. నేను పెట్టలేదు. జూన్ 23: తెరుచుకుంది. లోపల తల, రెండు కాళ్ళు. నీళ్ళు 14."